మూడున్నర కాళ్ళ తాబేలు

మొంబాసా పాతబస్తీలో, కూజే వీధి మలుపులో
బీ మ్వనాషా కొట్టు.
లవంగనూనె, కర్పూరం, తేనెమైనం కలిపి కాచి
చిన్న రేకు డబ్బాల్లో పోస్తుంది.
మూత మీద తాబేలు.

నలభై ఏడేళ్ళ కిందట వాళ్ళ నాన్న అథ్మాన్
మామిడిచెక్క మీద చెక్కిన అచ్చు అది.
ఉలి జారింది.
వెనక ఎడమకాలు సగంలో ఆగిపోయింది.
ఇంకో చెక్కకి డబ్బుల్లేవు.
ఊరి తలనొప్పులన్నీ ఆ కుంటితాబేలుకే
అలవాటు పడ్డాయి.

ఫిబ్రవరిలో నైరోబీ కంపెనీ ఒకటి
పత్రికలో ప్రకటన వేయించింది:
తాబేలు బొమ్మ. ఐదో తరగతి. మందులు, లేపనాలు.
అభ్యంతరాలుంటే అరవై రోజుల్లోగా.
వాళ్ళ తాబేలుకి నాలుగు కాళ్ళూ తిన్నగా ఉన్నాయి.
పైగా నవ్వుతోంది.

"అది మా నాన్నది" అంది బీ మ్వనాషా
మా ఆఫీసు బల్ల మీద రెండు చేతులూ ఆనించి.
మ్వాదిమే లాయరు కళ్ళజోడు తుడుచుకున్నాడు.
"మీ నాన్నదని మీకు తెలుసు, నాకు తెలుసు.
కాగితానికి తెలియాలి.
ఏ ఏడు అమ్మారు, ఎవరికి అమ్మారు?"
పద్దుపుస్తకాలు పెద్దవానల ఏడు
గంజిలా ఉబ్బి పోయాయి.

ఆమె ఇంకో మాట అడిగింది, గొంతు తగ్గించి:
"దరఖాస్తులో ఆ కాలు కాస్త సరిచేయించనా? సిగ్గుగా ఉంది."
"సరిచేస్తే" అన్నాడాయన, "అది వాళ్ళ తాబేలవుతుంది."

నేను గుమాస్తాని.
ఎండలో పడి డబ్బాలు ఏరుకురావడం నా వంతు.

లికోని రేవులో బ్వనఖేరి గాలాలు దాచుకున్న డబ్బా.
"ఇచ్చేస్తే గాలాలు నోట్లో పెట్టుకోనా?" అన్నాడు.
బీ మ్వనాషా కొట్లోనే కొత్తది కొనిచ్చాను.
ఖర్చుల కింద రాశాను: లేపనం, ఒకటి.
దర్జీ దగ్గర గుండీలవి మూడు.
ఒక డబ్బాలో ఎవరిదో చెవిపోగు, ఒంటిది.
బీ జంజం అనే ముసలమ్మ
తన డబ్బాని కాంగా కొంగులో బోర్లించింది.
కొడుకు పాలపళ్ళు.
"ఇవి అక్కర్లేదా కోర్టుకి?"
"వద్దమ్మా, మూత చాలు."
తుప్పు కింద తారీఖు ఉంది. కొడుకు లేడట.
నేనింకేం అడగలేదు.

కేమ్రీ అనే ఎనిమిదేళ్ళవాడి బొమ్మబండికి
నాలుగు చక్రాలూ మావే.
రెండు విప్పుకున్నాను.
"సాక్ష్యం అంటే ఏంటి?" అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ.
"చూసింది చెప్పడం."
"చక్రం ఏం చూస్తుంది?"

విచారణ నాడు అవతలి వకీలు లేచాడు:
"తాబేలు సముద్రానిది. ఒకరి సొత్తెలా అవుతుంది?"
మ్వాదిమే మూతలన్నీ వరసగా పేర్చాడు,
కొత్తవీ, వంకరపోయినవీ, బొమ్మ సగం చెరిగినవీ.
"తాబేలు మాకొద్దు.
ఈ విరిగిన కాలు మాది."

పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మొండివాళ్ళున్నారు.
మేం పట్టింది తాబేలు.
మూడున్నర.
లెక్కపెట్టి చూపించాం.

పద్నాలుగు నెలలకి పత్రం వచ్చింది, తాబేలు నడకనే.
కింద చిన్న అక్షరాలు: పదేళ్ళు చెల్లును.
"పదేళ్ళేనా? తాబేలు నూటయాభై బతుకుతుందే!"
"రుసుము కడితే మళ్ళీ పదేళ్ళు."
అరవై ఒకటి నుంచి వేళ్ళు మడిచింది బీ మ్వనాషా.
మూడో వేలు దగ్గర ఆగింది.
టీ తెప్పించమంది.

డబ్బాలు ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చాను.
కేమ్రీ చక్రాలు నేనే బిగించాను, కాస్త వదులుగా.
నిదానంగా తోయమన్నాను.
వింటాడా?
వీధి పల్లంలోకి గడగడా వెళ్ళిపోయింది బండి.
ముందు చక్రం మీద
నేను పీకడం మరిచిన చీటీ,
సాక్ష్యం పద్నాలుగు,
పైకీ కిందికీ, పైకీ కిందికీ.